అమ్మానాన్నలతో ర్యూడెస్‌హైమ్ కొండలు: ఎటునుంచి ఎక్కాలి, ఎటునుంచి దిగాలి?

గోదారిగట్టు (ఆదివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. మేం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాం. రాజమండ్రి నుంచి అమ్మానాన్నలు మూడు నెలల వీసా మీద వచ్చారు. అప్పుడే రెండు నెలలు అయిపోయాయి. ఇంతవరకూ చూపించిందేమిటంటే రెండు మాల్స్, ఒక జూ. ఇంకా ఇలాగే ఉంటే వెళ్లాక ఊళ్లో నా పరువు దక్కదు.

నాన్నకి నది కనిపిస్తే చాలు, గంటలు గంటలు కూర్చుంటారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే రెండు మూడు కిలోమీటర్లు నడుస్తుంది, మెట్లంటే మాత్రం భయం. వచ్చే శనివారం రైన్ ఒడ్డున ర్యూడెస్‌హైమ్ వెళ్దామనుకుంటున్నాం. ఊళ్లోంచి ద్రాక్షతోటల మధ్య మెల్లగా నడిచి కొండ మీది పెద్ద విగ్రహం దాకా ఎక్కి, కేబుల్ కారులో దిగిపోతే సరిపోతుందా? అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

రైన్_ఒడ్డు (ఆదివారం, రాత్రి 10:05)

గోదారిగట్టు గారూ, మీ ప్లాన్ బాగానే ఉంది గానీ మధ్యలో కాస్త మార్చుకోండి. మైన్జ్‌కి వచ్చి పదకొండేళ్లయింది, మా అత్తగారితో సహా ఆ కొండకి లెక్కలేనన్నిసార్లు వెళ్లాను.

తోటల మధ్య దారులు మట్టిదారులు అనుకోకండి. ట్రాక్టర్లు తిరగడానికి వేసిన తారు, కాంక్రీటు బాటలవి. కింద నది దగ్గర్నుంచి విగ్రహం దాకా రెండొందల మీటర్ల పైచిలుకు ఎత్తు, ఎండకి నీడ ఉండదు. మీకు అది గంట నడక, అమ్మగారికి శిక్ష. అందుకని కేబుల్ కారులోనే పైకి వెళ్లండి. ఇద్దరిద్దరు కూర్చునే చిన్న తొట్లు, సరిగ్గా ద్రాక్ష సాళ్ల మీదుగా పోతాయి. 1400 మీటర్లు, పది నిమిషాలు. 

పైన విగ్రహం దగ్గర్నుంచి అడవిలో రెండున్నర మూడు కిలోమీటర్లు నడిస్తే పాత వేట బంగళా వస్తుంది. దారి చాలావరకూ చదును, చెట్ల నీడ, మధ్యమధ్యలో బెంచీలు. బంగళా పక్కనుంచే ఆస్మన్స్‌హౌజెన్ ఊరికి కుర్చీ లిఫ్ట్ దిగుతుంది. అక్కణ్ణుంచి పడవలోనో రైల్లోనో వెనక్కి రావచ్చు. కేబుల్ కారు, కుర్చీ లిఫ్ట్, పడవ మూడింటికీ కలిపి ఒకే టికెట్ అమ్ముతారు. 

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే పోతుంది. మోకాళ్లని చంపేది దిగుడు. దిగుడు ఎక్కడ ఉందో చూసుకుని అక్కడ లిఫ్ట్ పెట్టుకోండి. 

కుర్చీ లిఫ్ట్ ఆగదు, కదులుతుండగానే కూర్చోవాలి. పక్కన మనిషి నిలబడి సాయం చేస్తాడు. అయినా అమ్మగారికి ముందే చెప్పి తీసుకెళ్లండి. 

కాలినడక (ఆదివారం, రాత్రి 10:31)

కేబుల్ కారులో వెళ్లడాన్ని కూడా హైకింగ్ అంటున్నారా ఈ మధ్య? ద్రాక్షకొండలు చూడాలంటే మోజెల్ నది దగ్గర కాల్‌మోంట్‌కి వెళ్లండి. యూరప్‌లో అత్యంత ఏటవాలు ద్రాక్షతోట అదే, కొన్నిచోట్ల వాలు 65 డిగ్రీలు. ఇనప తాళ్లు, నిచ్చెనలు పట్టుకుని తోటలోంచే నడుస్తాం. నది గుర్రపు నాడాలా వంపు తిరుగుతుంది, పైనుంచి చూస్తే కళ్లు చాలవు. ర్యూడెస్‌హైమ్ అంతా టూరిస్టుల బజారు.

చలికోటు (ఆదివారం, రాత్రి 10:40)

అన్నా, ఆయన మోకాళ్ల నొప్పులున్న అమ్మగారిని తీసుకెళ్తున్నానంటే నువ్వు ఇనప నిచ్చెనలు ఎక్కిస్తానంటావేంటి. పోస్టు చదివావా అసలు?

కాలినడక (ఆదివారం, రాత్రి 10:52)

సరే సరే, చివరిదాకా చదవలేదు. క్షమించాలి. కానీ బజారు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఆ ద్రోసెల్‌గాస్సె సందు 144 మీటర్ల పొడవు, దాటడానికి నాకు అరగంట పట్టింది. శనివారం మధ్యాహ్నం తిరునాళ్లే.

రైన్_ఒడ్డు (ఆదివారం, రాత్రి 11:10)

అది నిజమే. ఆ సందులోకి ఉదయం పదింటికి ముందు వెళ్లాలి, లేదా వెళ్లకూడదు. కానీ కాలినడక గారూ, కేబుల్ కారు దిగి రెండొందల అడుగులు వేస్తే ఆ జనం ఎవరూ కనిపించరు. అందరూ విగ్రహం ముందు ఫోటో దిగి అదే తొట్టెలో కిందికి పోతారు. అడవి దారిలో మీరూ, పక్షులూ.

పాతరాతి (సోమవారం, ఉదయం 7:48)

విగ్రహం సంగతి నాన్నగారికి చెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నా. 1871లో ఫ్రాన్స్ మీద గెలిచి జర్మనీ ఒకే సామ్రాజ్యం అయింది కదా, దాని గుర్తుగా కట్టారు. మొత్తం కట్టడం ఎత్తు 38 మీటర్లు. పైన నిలబడ్డ ఆవిడ జెర్మానియా, మనకి తెలుగు తల్లి లాగా. కుడిచేత్తో కిరీటం ఎత్తి పట్టుకుంటుంది, ఎడమచేతిలో కత్తి. శిల్పి యోహనెస్ షిల్లింగ్.

1883 సెప్టెంబర్ 28న ప్రారంభోత్సవానికి చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ వచ్చినప్పుడు అరాచకవాదులు ఆయన వెళ్లే దారి కింద తూములో డైనమైట్ పెట్టారు. రాత్రి వాన పడి వత్తి తడిసింది, పేలలేదు. తడవని వత్తి ఖరీదు ఎక్కువని మామూలుది కొన్నారట! పథకం వేసిన ఆగస్ట్ రైన్స్‌డోర్ఫ్‌కి 1885లో మరణశిక్ష అమలు చేశారు.

నాకు మాత్రం విగ్రహం కంటే అడవి లోపల ఉన్న రోసెల్ ఇష్టం. 18వ శతాబ్దం చివర్లో ఓస్టైన్ అనే ప్రభువు ఆ అడవిని తన ఉద్యానవనంగా మార్చి, కొండ అంచున కొత్తగా ఒక శిథిలం కట్టించాడు. పొరపాటు పడలేదు, కట్టించిందే శిథిలం! పాత కోట కూలినట్టు కనబడాలని విరిగిన గోడలతో కట్టారు. మన దగ్గర శిథిలాలు ఊరూరా ఉచితం, ఆయన పాపం డబ్బు పోసి కట్టించుకున్నాడు. కానీ చోటు ఎంచుకోవడంలో మాత్రం ఆయన గొప్పవాడు. అక్కడ నిలబడితే కింద ఎహ్రెన్‌ఫెల్స్ కోట, అవతల బింగెన్ ఊరు, నాహె నది వచ్చి రైన్‌లో కలిసే చోటు, నది మధ్య బుల్లి లంక మీద ఎలుకల బురుజు, అన్నీ ఒకే చూపులో పడతాయి.

చలికోటు (సోమవారం, ఉదయం 8:15)

ఎలుకల బురుజా? అంటే కొండ ఎక్కి ఎలుకని పట్టినట్టన్నమాట 😀

పాతరాతి (సోమవారం, ఉదయం 8:33)

హహ. కథ మాత్రం నవ్వేది కాదు. హట్టో అనే మైన్జ్ ఆర్చ్‌బిషప్ కరువులో ధాన్యం దాచుకుని, అడగడానికొచ్చిన పేదల్ని కొట్టంలో పెట్టి తగలబెట్టాడట. ఎలుకలు వెంటపడితే పడవెక్కి ఆ బురుజులో దాక్కున్నాడు, అవి ఈదుకుంటూ వచ్చి పీక్కుతిన్నాయట. అసలు సంగతి, ఎదురుగా ఉన్న ఎహ్రెన్‌ఫెల్స్ కోట వాళ్లు పడవల దగ్గర సుంకం వసూలు చేయడానికి కాపలా పెట్టిన బురుజు అది. జర్మన్‌లో సుంకాన్ని మౌట్ అంటారు, ఎలుకని మౌస్ అంటారు. మాట జారి ఎలుక అయిందని కొందరంటారు. సుంకం కట్టినవాళ్లకి పెద్ద తేడా కనిపించి ఉండదు లెండి. 

మేడ్చల్_పందిరి (సోమవారం, సాయంత్రం 6:20)

కొంచెం పక్కదారి పడుతున్నా, ఏమనుకోకండి. మా తాతకి మేడ్చల్ దగ్గర అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్షతోట ఉండేది. మా చిన్నప్పుడు ద్రాక్ష అంటే పందిరే. తల ఎత్తితే గుత్తులు, కింద నీడ, ఆ నీడలో మంచం వేసుకుని పడుకునేది. ఇక్కడ మొదటిసారి చూసినప్పుడు ఇదేం తోట అనిపించింది. నడుం ఎత్తు తీగలు, సాళ్లు సాళ్లుగా, ఒక్కచోట కూడా నీడ లేదు.

తర్వాత అర్థమైంది. మనకి ఎండ ఎక్కువ, కాయ కమిలిపోకుండా పందిరి కావాలి. వీళ్లకి ఎండే కరువు. యాభయ్యో అక్షాంశం మీద ఉన్నారు, యోహానిస్‌బెర్గ్ తోటలోంచి ఆ గీత పోతుంది. అందుకే దక్షిణం వైపు వాలిన కొండే వెతుక్కుంటారు. రైన్ నది దక్షిణం నుంచి ఉత్తరానికి పోయేది కాస్తా వీస్‌బాడెన్ దగ్గర కొండ అడ్డొచ్చి పడమటికి తిరుగుతుంది, ముప్పై కిలోమీటర్లు పోయి బింగెన్ దగ్గర మళ్లీ ఉత్తరానికి మళ్లుతుంది. ఆ ముప్పై కిలోమీటర్ల పొడవునా ఉత్తరపు ఒడ్డు మొత్తం సూర్యుడికి ఎదురుగా కూర్చున్నట్టే. వెనకాల టౌనస్ కొండలు చలిగాలి ఆపుతాయి. పగలు వేడెక్కిన పలకరాయి రాత్రి ఆ వేడిని తిరిగి ఇస్తుంది. కొండలు చిన్నవేగానీ, ఇక్కడి తెల్లవైన్ ద్రాక్ష రీస్లింగ్ బాగా పండేది ఆ వాలు వల్లే. 

కేబుల్ కారులో పోయేటప్పుడు కిందికి చూడండి, సాళ్లు ఎటు తిరిగి ఉన్నాయో.

కొత్తగా_డార్మ్‌స్టాడ్ట్ (సోమవారం, రాత్రి 8:02)

మంచి థ్రెడ్ అండి, నేనూ స్టూడెంట్‌ని, ఈ వారం మా రూమ్మేట్స్‌తో వెళ్దామనుకుంటున్నాం. రైలుకి డ్యూష్‌లాండ్ టికెట్ (లోకల్ రైళ్లకి పనికొచ్చే నెలవారీ పాస్) చాలా? ఇంకో డౌట్. దారి పక్కన గుత్తులు వేలాడుతుంటే ఒకటి కోసుకుంటే తప్పా? ఎవరికీ తెలియదు కదా.

రైన్_ఒడ్డు (సోమవారం, రాత్రి 8:30)

తమ్ముడూ, రైలుకి చాలు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఆర్‌బీ 10 అనే లోకల్ రైలు నేరుగా పోతుంది, వీస్‌బాడెన్ మీదుగా, గంటా పావు అటూ ఇటూ. కేబుల్ కారుకీ షికారు పడవకీ విడిగా కొనాలి. బయల్దేరే ముందు యాప్‌లో చూసుకో, ఆ లైన్‌లో పట్టాల పనులుంటే బదులు బస్సు వేస్తారు.

గుత్తి కోయొద్దు. అది దొంగతనమే. 

కొత్తగా_డార్మ్‌స్టాడ్ట్ (సోమవారం, రాత్రి 8:36)

ఒక్క గుత్తికేనా అన్నా?

మేడ్చల్_పందిరి (సోమవారం, రాత్రి 9:01)

మా తాత కూడా అదే అడిగేవాడు, "ఒక్కొక్కడు ఒక్క గుత్తే కోస్తే నాకేం మిగుల్తదిరా" అని. పైగా ఇప్పుడు కోతల కాలం. కొన్ని బాటలకి అడ్డంగా తాడు కట్టి మూసేశాం అని బోర్డు పెడతారు, ఆ బాటల్లోకి పోవద్దు. తుపాకి పేలినట్టు చప్పుడైతే భయపడకు, పిట్టల్ని తోలడానికి గ్యాస్ ఫిరంగులు పెడతారు. 

పెసరట్టు_ప్రియ (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

గోదారిగట్టు గారూ, అమ్మానాన్నలు శాకాహారులైతే ఇది చదవండి. మేం దెబ్బతిన్నాం కాబట్టి చెబుతున్నా. 

ఈ కాలంలో కొత్త ద్రాక్షరసం సగం పులిసినది ఫెడర్‌వైసర్ అని ఎక్కడ చూసినా అమ్ముతారు. తియ్యగా, మబ్బుగా ఉంటుంది. జ్యూస్ లాగా దిగిపోతుంది, మత్తు మాత్రం జ్యూస్‌ది కాదు. సీసాకి మూత బిగించరు, లోపల ఇంకా పొంగుతూ ఉంటుంది. మావారు బ్యాగులో అడ్డంగా పెట్టి తెచ్చారు, మూడు రోజులు బ్యాగు కల్లు పాకలా కంపు. దానితో పాటు ఉల్లిపాయ కేకు అని ఇస్తారు. ఉల్లిపాయే కదా అని తినేయకండి, లోపల పంది మాంసం ముక్కలుంటాయి. ముందే "ఓనె ష్పెక్", అంటే ఆ మాంసం లేకుండా, అని అడగండి. ష్పుండెకేస్ అనే మెత్తటి జున్ను ముద్ద, ఉప్పు ప్రెట్జెల్‌తో తింటారు, అది మనకి నిశ్చింత. ఉల్లిపాయా మిరపపొడీ కలిపి ఉంటుంది, మా అమ్మ రోటిపచ్చడి అనుకుని మెచ్చుకుంది.

రైతులు తమ ఇంటి వరండాలోనే ఏడాదికి నాలుగు నెలలు మాత్రం నడిపే వైన్ కొట్లుంటాయి, స్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ అంటారు. గుమ్మానికి కొమ్మల కట్ట వేలాడుతుంటే తెరిచి ఉన్నట్టు. నలభై మందికి మించి కూర్చోబెట్టకూడదని రూలు. పెద్ద హోటళ్ల కంటే అక్కడ తిండి బాగుంటుంది. తాగనివాళ్లకి "ట్రౌబెన్‌జాఫ్ట్" అంటే మామూలు ద్రాక్షరసం, చాలా బాగుంటుంది. 

మన పులిహోర డబ్బా మాత్రం ఆ బల్లల మీద విప్పకండి, బయట బెంచీ మీద కానివ్వండి. 

నీళ్లబండి (మంగళవారం, రాత్రి 9:44)

కుర్చీ లిఫ్ట్ అంటే అమ్మగారు భయపడితే వీస్‌బాడెన్‌లో నీరోబెర్గ్ ఉంది. 245 మీటర్ల కొండ, కిందే ద్రాక్షతోట. 1888 నుంచి నడుస్తున్న తాడు బండి అక్కడ ఉంది. కరెంటు లేదు, నీళ్లతో నడుస్తుంది. పైన ఉన్న బండి తొట్టిలో నీళ్లు నింపుతారు, ఆ బరువుకి అది దిగుతూ తాడుతో కింది బండిని పైకి లాగుతుంది. కిందికి చేరాక నీళ్లు వదిలేసి మళ్లీ పైకి పంపు చేస్తారు. మా నాన్న ఇంజినీరు, మూడుసార్లు ఎక్కారు. కొండ చూడలేదు, తొట్టినే చూశారు.

గోదారిగట్టు (బుధవారం, రాత్రి 10:20)

అందరికీ వేలవేల ధన్యవాదాలు. రైన్_ఒడ్డు గారు చెప్పినట్టే, కేబుల్ కారులో ఎక్కి, అడవిలో నడిచి, కుర్చీ లిఫ్ట్‌లో దిగుతాం. నాన్న అప్పుడే ఎలుకల కథ అమ్మకి రెండుసార్లు చెప్పేశారు.

గోదారిగట్టు (ఆదివారం, సాయంత్రం 5:30)

వెళ్లొచ్చాం. అంతా అనుకున్నట్టు జరగలేదు. తప్పు పూర్తిగా నాదే. మొదట్నుంచీ చెబుతాను.

పదకొండింటికి కేబుల్ కారు. అమ్మానాన్న ఒక తొట్టెలో, మేమిద్దరం వెనక దాంట్లో. ఎక్కగానే అమ్మ హనుమాన్ చాలీసా మొదలుపెట్టింది, మాకు వినబడుతూనే ఉంది. సగం దూరం పోయాక ఆగిపోయింది. ఏమైందా అని చూస్తే వంగి కిందికి చూస్తోంది. సాళ్లలో కోత కోస్తున్నారు, వాళ్ల నడుం గురించి నాన్నకి చెబుతోంది. మేడ్చల్_పందిరి గారూ, సాళ్లు ఎటున్నాయో నేనూ చూశా. అన్నీ నది వైపే.

విగ్రహం ముందు నాన్న రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. గట్టు దగ్గరికి వెళ్లి రైన్ చూస్తూ ఉండిపోయారు. అక్కడ నది వెడల్పుగా ఉంటుంది, మధ్యలో చెట్లతో పొడుగాటి దీవులు. "లంకలున్నాయిరా!" అన్నారు. ఆ తర్వాత "మన గోదారిలో ఒక పాయంత ఉంది, అంతే" అని కూడా అన్నారు. దారిలో మాయాగుహ అని చీకటి సొరంగం లాంటిది ఒకటి వచ్చింది. అమ్మ రానంది, నాన్న ఫోన్ లైటు వేసుకుని వెళ్లి వచ్చి "గుహ చివర కిటికీలు, అంతే" అని తేల్చేశారు.

అసలు కథ రోసెల్ దగ్గర. నది బింగెన్ దగ్గర ఒక్కసారిగా ఇరుకై, కొండల మధ్యకి తిరిగే చోటు అది. మా పులిహోర అక్కడే అయింది. నాన్న గోడ మీద చెయ్యి పెట్టుకుని సరుకు పడవలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కిందికి పోయేవి జారినట్టు పోతున్నాయి, ఎదురెక్కేవి పాపం కదులుతున్నాయో లేదో తెలియట్లేదు. ఒక పడవ ఎలుకల బురుజు దాటేదాకా చూద్దాం అన్నారు. అది దాటింది. వెనక ఇంకొకటి వచ్చింది. అలా గంటన్నర. నేను కూడా తొందర పెట్టలేదు, వేసవి వేళలు చూసుకుని ఇంకా టైం ఉందనుకున్నా. తీరా కుర్చీ లిఫ్ట్ దగ్గరికి వెళ్లేసరికి మూసేశారు. వెనక్కి కేబుల్ కారు దాకా నడిచినా అందదు.

ఇక దిగుడే. నాకు చెమటలు పట్టాయి. అమ్మే "పదండి, తిరుమల మెట్లు దిగలేదా" అంది. దిగింది ముప్పై ఏళ్ల కిందట! నాన్న గొడుగు కర్రలా పట్టుకుని, తిన్నగా కాకుండా దారికి ఆ అంచు నుంచి ఈ అంచుకి అడ్డంగా నడుస్తూ దిగింది. మరీ నిలువుగా ఉన్నచోట వెనక్కి తిరిగి నా భుజాలు పట్టుకుంది. మామూలుగా అరగంట ముప్పావు గంట పట్టే దారి మాకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది.

చివర్లో నల్లద్రాక్ష తోటలు వచ్చాయి. ట్రాక్టర్ మీద తొట్టెల నిండా ద్రాక్ష వేసుకుని వస్తున్న పెద్దాయన మమ్మల్ని చూసి ఆపాడు. జర్మన్‌లో ఏదో అన్నాడు, అమ్మ తెలుగులో ఏదో అంది. తొట్టెలోంచి ఒక గుత్తి తీసి అమ్మ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. కొత్తగా_డార్మ్‌స్టాడ్ట్ తమ్ముడూ, అడక్కుండానే దొరికింది చూడు! చిన్న కాయలు, మందపాటి తొక్క, నోటి నిండా గింజలు, తియ్యదనం మాత్రం చెప్పలేను.

ఆస్మన్స్‌హౌజెన్‌లో ఎర్ర వైనే ప్రసిద్ధి అని నాన్న ఒక గ్లాసు తీసుకున్నారు. "కాకరకాయ కషాయం" అని నా వైపు తోశారు. అమ్మ ద్రాక్షరసం రెండు గ్లాసులు తాగింది.

రైన్_ఒడ్డు (ఆదివారం, సాయంత్రం 6:05)

అయ్యో. ముందే చెప్పాల్సింది నేను. సాయంత్రం ఆఖరి లిఫ్ట్ వేళ నెలని బట్టి మారుతుంది. ఎక్కేటప్పుడే టికెట్ కిటికీ దగ్గర అడిగి ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి. ఇంకోటి, ఆ వేట బంగళా ఇప్పుడు హోటల్. లోపలికి వెళ్లి టాక్సీ పిలవమంటే పిలిచేవాళ్లు, అక్కడిదాకా కారు దారి ఉంది. 

గోదారిగట్టు (ఆదివారం, సాయంత్రం 6:11)

ఆ సంగతి ఇప్పుడు చెబుతున్నారా సార్ 🙏 నాకు అసలు తట్టలేదు.

చలికోటు (ఆదివారం, సాయంత్రం 6:40)

మోకాళ్లు ఎలా ఉన్నాయి ఇవాళ? అడవి గడ్డిలో నడిచారు కాబట్టి పిడుదు పురుగులు పట్టాయేమో కాళ్లు, మోకాళ్ల వెనక భాగం చూసుకోమనండి. కరిచిన చోట కొన్నాళ్లకి ఎర్రగా వలయంలా వస్తే డాక్టర్‌కి చూపించాలి.

కాలినడక (ఆదివారం, రాత్రి 7:25)

వెనక్కి తిరిగి దిగడం కాల్‌మోంట్ నిచ్చెనల మీద మేం చేసేదే. అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. 

గోదారిగట్టు (ఆదివారం, రాత్రి 9:02)

చెప్పాను, నవ్వింది. పురుగులేమీ లేవు, చూశాం. మోకాళ్లకి పొద్దున్న కాపడం పెట్టుకుంది, ఇప్పుడు పర్వాలేదు. వచ్చే ఆదివారం నీళ్లబండి ఎక్కుతారట ఇద్దరూ.

మేడ్చల్_పందిరి గారూ, మీకో ప్రశ్న. ఆ గుత్తి గింజలు అమ్మ కడిగి ఆరబెట్టింది. రాజమండ్రిలో పెరట్లో వేస్తుందట. మొలుస్తాయా?

మేడ్చల్_పందిరి (ఆదివారం, రాత్రి 9:30)

మొలవొచ్చు, కానీ అదే రకం రాదండి. ద్రాక్షని గింజతో పెంచరు, కొమ్మ ముక్కతోనో అంటు కట్టో పెంచుతారు. గింజతో వచ్చింది ఎలాంటి కాయ కాస్తుందో దానికే తెలియాలి. పైగా మన గోదావరి ఉక్కకి ఆ చలిదేశపు రకం తట్టుకోవడం కష్టం. విత్తనాలు విమానంలో తీసుకెళ్లడానికి అనుమతి కూడా కావాలి, అది గుర్తుచేయండి.

గోదారిగట్టు (ఆదివారం, రాత్రి 9:41)

ఇవన్నీ చెప్పాను. "సరేలే" అని టిష్యూలో చుట్టి మా వంటింటి డబ్బాలో పెట్టింది. ఇక్కడే బాల్కనీ కుండీలో వేసి, నన్ను రోజూ నీళ్లు పోయమంటోంది.